తుమ్మెద తవ్విన రెండో గొయ్యి

ఆ ఆదివారం పొద్దున తొమ్మిది గంటలకి తుమ్మెద ఇంట్లో ఫ్రిజ్‌కి సెలవిచ్చేశాడు. దాని తర్వాత మిక్సీ ప్లగ్గు పీకాడు, ఫోన్ చార్జర్లు పీకాడు, హాల్లో ఫ్యాను ఆపాడు. అంతటితో ఊరుకున్నాడా? పక్కగదిలోకి వెళ్లి భార్య కుట్టుమిషను మోటారు కూడా పీకేశాడు. సగం కుట్టిన జాకెట్టు సూది కింద అలాగే ఇరుక్కుపోయింది.

"ఏవండీ, ఇంట్లో ఇక నేనొక్కదాన్నే మిగిలాను. నా ప్లగ్గు ఎక్కడుందో చూసి అది కూడా పీకేయండి," అంది భార్య.

"నువ్వు చేసేది కరెంటు శబ్దం కాదులే," అన్నాడు తుమ్మెద, స్పీకరు గుడ్డకి చెవి ఆనించి. అంతలోనే ఎగిరి గంతేశాడు. "పోయింది! బర్రుమనేది పోయింది! అది ఫ్యాను రెగ్యులేటరుదే! నేను చెప్పలేదూ? ఆ టప్ టప్ ఫ్రిజ్‌ది, ఈ బర్రు రెగ్యులేటరుది! ఇద్దరు దొంగలు దొరికారు!"

"మరి ఆ గుంయ్‌మనేది?"

తుమ్మెద మొహం మాడిపోయింది. అసలు దొంగ అదే. ఇంట్లో సగం వస్తువుల నోరు నొక్కేసినా, స్పీకర్ల లోపలినుంచి ఆ గుంయ్ మాత్రం నింపాదిగా, తనకేమీ పట్టనట్టు, సాగుతూనే ఉంది. పదకొండు గంటలకి అక్కా మేనకోడలూ వస్తారు. వాళ్లొచ్చేలోగా ఈ గుంయ్ చావకపోతే, ఇక ఎప్పటికీ చావదు. ఎందుకో చెప్పాలంటే కొంచెం వెనక్కి వెళ్లాలి.

తుమ్మెద లిఫ్టు మెకానిక్కు. ముప్పై నాలుగేళ్లుగా పెద్ద పెద్ద భవనాల నెత్తిన ఉండే మోటారు గదుల్లోనే అతని బతుకంతా గడిచింది. కింద జనం అద్దంలో జుట్టు సర్దుకుంటూ పైకీ కిందకీ తిరుగుతుంటారు. పైన తుమ్మెద కళ్లు మూసుకుని, తాడు మోత విని, ఏ చక్రానికి గ్రీజు ఎండిపోయిందో చెప్పేస్తాడు. కంపెనీలో అతని అసలు పేరు జీతం కాగితం మీద తప్ప ఎక్కడా వినపడదు. పనిముట్ల సంచీ మీద కూడా తోటివాళ్లు తెల్లరంగుతో "తుమ్మెద" అనే రాశారు. ఆ పేరు చిన్నప్పుడు అక్క పెట్టింది. ఎందుకు పెట్టిందో అతనికి గుర్తు లేదు. అడిగితే అక్క నవ్వి ఊరుకుంటుంది.

నోరు తెరిచి చెప్పే వీలు కూడా ఆమెకి లేదు. ముప్పై రెండేళ్ల కిందట అక్క గొంతులో పుండు పుట్టింది. ప్రాణమా గొంతా అని డాక్టర్లు అడిగితే ఇంట్లోవాళ్లు ప్రాణమే అన్నారు. ఆపరేషన్ అయ్యింది, ఆమె బతికింది, గొంతు పోయింది. అప్పటికి ఆమె కూతురికి పది నెలలు. అక్క టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో ఆపరేటరుగా చేసేది. గొంతుతో చేసే ఉద్యోగం కాబట్టి ఆమెని మరమ్మతుల విభాగానికి మార్చారు. రిటైరయ్యేదాకా లైన్లు చెవితో విని తప్పుల చిట్టా రాసుకుంటూ అక్కడే కూర్చుంది. మెడలో చిన్న పలక, చేతిలో సుద్దముక్క. ఆమె మాటలన్నీ ఆ పలక మీదే.

మేనకోడలు చిన్నప్పుడు తుమ్మెద ఒళ్లో కూర్చుని ఒకటే ప్రశ్న అడిగేది. "మామయ్యా, అమ్మ గొంతు ఎలా ఉండేది?"

"బాగుండేదే అమ్మలూ. తీయగా ఉండేది."

"తీయగా అంటే? పంచదారలాగానా?"

 పదంతస్తుల అవతల తిరిగే చక్రానికి ఏం జబ్బో చెవితో చెప్పగలిగినవాడు, సొంత అక్క గొంతు ఎలా ఉండేదో ఆ పిల్లకి చెప్పలేకపోయాడు. ఆ సిగ్గు అతనికి ఇప్పటికీ తీరలేదు. మేనకోడలు ఎదిగి, బడిలో లెక్కల టీచరయ్యాక అడగడం మానేసింది. మానేసినందుకు అతనికి ఇంకా బాధ.

అలాంటిది, మూడు వారాల కిందట ఒక క్యాసెట్టు దొరికింది. చిన్నప్పుడు వాళ్ల కుటుంబం ఒక ఫోటో స్టూడియో పైన మేడ మీద అద్దెకుండేది. స్టూడియో ఆయన దగ్గర కొత్తగా కొన్న టేప్‌రికార్డర్ ఉండేది. ఇన్నేళ్లకి ఆయన మనవరాలు స్టూడియో మూసేస్తూ అలమార ఖాళీ చేస్తే, నెగెటివ్‌ల కింద ఒక క్యాసెట్టు కనిపించింది. దాని మీద "మేడమీది అమ్మాయి పాట" అని ఉంది. ఆ మనవరాలు పుణ్యాత్మురాలు, ఇల్లు వెతుక్కుంటూ వచ్చి మరీ ఇచ్చి వెళ్లింది. అప్పుడు అక్కకి పద్నాలుగేళ్లు. తుమ్మెదకి అయిదు.

పాత టేపులు బాగుచేసే ఆవిడ దాన్ని కొత్త డబ్బాలోకి మార్చి ఇస్తూ ఒక మాట గట్టిగా చెప్పింది. "రిబ్బన్ మీద పొడి రాలిపోతోందండీ. రెండుసార్లు ఆడుతుంది. మూడోసారి సంగతి నేను చెప్పలేను. ఆడేటప్పుడే కంప్యూటర్లోకి ఎక్కించుకోండి."

రెండుసార్లలో ఒకటి తుమ్మెద వాడేశాడు. ఎవరికీ చెప్పకుండా, కిందటి ఆదివారం, ఆత్రం ఆపుకోలేక. నలభై సెకన్లు విన్నాడు. గుంయ్‌మనే దుప్పటి కింద ఎవరో ఆడపిల్ల పాడుతున్నట్టుంది, అంతే. వెంటనే ఆపేశాడు. క్యాసెట్టు తీసేసి చూసినా గుంయ్ అలాగే ఉంది. అంటే తప్పు టేపుది కాదు, ఇంటిది. ఇక మిగిలింది ఒక్క ఆట. ఆ ఒక్క ఆటలో గుంయ్ ఉంటే అది కూడా పాటతోపాటు కంప్యూటర్లోకి ఎక్కి కూర్చుంటుంది. మేనకోడలు ముప్పై రెండేళ్లు ఎదురుచూసిన గొంతు, దుప్పటి కప్పుకునే ఆమెకి దొరుకుతుంది.

ఇప్పుడు తుమ్మెద మూఢభక్తి గురించి చెప్పాలి. ప్రతి మనిషికీ ఒక దేవుడుంటాడు. తుమ్మెద దేవుడు ఎర్త్ వైరు. పనిలో చేరిన కొత్తల్లో ఎర్త్ కట్టని మోటారు చట్రం మీద చెయ్యి వేశాడు. చెయ్యి అతుక్కుపోయింది. మేస్త్రీ చెక్క స్టూలుతో ఒక్క తోపు తోసి బతికించి, చెంప ఛెళ్లుమనిపించి, "ఎర్త్ కట్టని చోట మంచినీళ్లు కూడా తాగకు," అన్నాడు. ఆ రోజునుంచి తుమ్మెద ఇనుము కనిపిస్తే ఎర్త్ కట్టాడు. ఇస్త్రీపెట్టెకి సరే, కుట్టుమిషనుకి సరే. బీరువాకి కట్టాడు. భార్య పూలకుండీల ఇనుప స్టాండుకి కూడా కట్టబోతే ఆవిడ నీళ్లు పోసే చెంబుతో వెంటపడింది.

అక్క పాట కోసం అతను క్యాసెట్టు ఆడించే పాత టేప్ డెక్కు ఒకటి వెతికి తెచ్చాడు. ఇంట్లో స్పీకర్లని నడిపే ఆంప్లిఫయరుకి దాన్ని కలపడానికి ముందే, క్యాసెట్టు పెట్టడానికి ముందే, అతను చేసిన మొట్టమొదటి పని పార పట్టుకుని పెరట్లోకి వెళ్లడం. వాకిట్లో మీటరు దగ్గర ఇంటికంతటికీ ఒక ఎర్త్ గొయ్యి ఉంది. కానీ అక్క పాటకి ఇంట్లో అందరూ వాడే ఎర్తా? కూడదు! వెనకవైపు మనిషి లోతు గొయ్యి తవ్వి, బొగ్గూ ఉప్పూ పోసి, రాగి కడ్డీ దింపి, అక్కణ్ణించి ఆకుపచ్చ వైరు వంటింటి కిటికీలోంచి లోపలికి లాగి, డెక్కు వీపున ఉన్న మరకి బిగించాడు. రెండు రోజులు నడుం పట్టేసింది. అయినా వీధి వీధంతా పిలిచి చూపించాడు.

గుంయ్ మొదలయ్యాక కూడా ఆ గొయ్యి మీద అతనికి ఇసుమంత అనుమానం రాలేదు. "గొయ్యి ఉంటేనే ఇంత గుంయ్ ఉందే, లేకపోతే ఎంత ఉండేదో!" అన్నాడు భార్యతో. కంపెనీకి వారం రోజులు సెలవు పెట్టి డెక్కు లోపలంతా విప్పాడు, తుడిచాడు. పాట వెళ్లే తీగలకీ కరెంటు తీగలకీ మధ్య జానెడు ఎడం పెట్టాడు. అవి దాటాల్సిన చోట ఒకదాని పక్కన ఒకటి పాకకుండా అడ్డంగా దాటించాడు. ప్రతి దానికీ గుంయ్ వీసమెత్తు తగ్గినట్టే ఉండేది, గంటకల్లా మళ్లీ అంతే. తాను పట్టిన కుందేలుకి మూడే కాళ్లని అతను, కాదు నాలుగని గుంయ్.

పదకొండు కొట్టకముందే అక్కా మేనకోడలూ దిగారు. మేనకోడలు చంకలో లాప్‌టాప్. చెప్పులు కూడా సరిగ్గా విడవలేదు.

"మామయ్యా, అయ్యిందా? పెడదామా? రాత్రి నిద్ర పట్టలేదు తెలుసా నాకు!"

"ఆగమ్మా అమ్మలూ, ఒక్కటి మిగిలింది," అన్నాడు తుమ్మెద. చెమటలు కక్కుతున్నాడు. దాచుకోలేక ఆ మొదటి ఆట సంగతి కూడా కక్కేశాడు. "ఒక్క ఆటే ఉంది. ఈ గుంయ్ పోకుండా పెట్టనివ్వను. పోతుంది! పోయి తీరుతుంది!"

 అక్క వెళ్లి స్పీకరు దగ్గర తల వంచి వింది. చాలాసేపు వింది.  ఎక్స్ఛేంజిలో ఇరవై ఏళ్లు లైన్లు విన్న చెవి అది. తర్వాత సుద్దముక్క కదిలింది.

"డెక్కు ప్లగ్గు తియ్యి."

"ప్లగ్గు తీస్తే ఇంకేముంటుందక్కా? డెక్కే కదా గుంయ్‌మనేది. అది ఆగిపోతుంది, గుంయ్ ఆగిపోతుంది. ఏం లాభం?"

అక్క "తియ్యి" కింద గీత గీసింది. అక్క గీత గీస్తే తమ్ముడు చేయాల్సిందే, యాభై ఏడేళ్లొచ్చినా సరే. తుమ్మెద వంటింటి గోడకున్న సాకెట్‌లోంచి ప్లగ్గు లాగేశాడు. డెక్కు దీపం ఆరిపోయింది.

గుంయ్ ఆగలేదు!

నలుగురూ ఒకళ్ల మొహాలు ఒకళ్లు చూసుకున్నారు. తుమ్మెద ఆరిపోయిన దీపాన్ని వంగి చూశాడు. కరెంటే లేని డబ్బా ఎలా గుంయ్‌మంటుంది? వారం రోజులుగా తను విప్పి, తుడిచి, తిట్టిన డబ్బా నిర్దోషా? "ఇదేమిటి! ఇదేమిటక్కా!" అంటూ హాల్లో అటూ ఇటూ తిరిగాడు. భయమా సంతోషమా అతనికే తెలియలేదు. ఏదో అయితే కదిలింది. ఇన్నాళ్లకి దొంగ గోడ దూకాడు, అడుగుజాడ కనిపించింది.

అక్క వేలితో తీగల్ని ఒక్కొక్కటే పట్టుకుంటూ వచ్చింది. ఇది ఆంప్లిఫయరు కరెంటు తీగ. ఇవి పాట తీగలు, డెక్కుకి వెళ్తున్నాయి. మరి ఈ ఆకుపచ్చది?

"అక్కా! అది ఎర్త్! దాని జోలికి మాత్రం వెళ్లకు!" తుమ్మెద అరిచిన అరుపుకి ఎదురింటి కిటికీ తెరుచుకుంది.

అక్క పలక తుడిచి రాసింది. "ఎక్స్ఛేంజిలో కేబుల్ మీది లోహపు తొడుగుకి ఎర్త్ ఒక్క చివరే కట్టేవాళ్లు." పలక చిన్నది, నిండిపోయింది. కొంగుతో తుడిచి మళ్లీ రాసింది. "కొత్తవాడెవడో రెండు చివర్లా కడితే లైన్లన్నీ గుంయ్." మళ్లీ తుడిచింది. "రోజుకొక ఫిర్యాదు."

తుమ్మెద చదివాడు. మళ్లీ చదివాడు. తర్వాత వాకిలి వైపు చూశాడు, పెరటి వైపు చూశాడు. ఆంప్లిఫయరుకి ఎర్త్ వాకిట్లో గొయ్యి. డెక్కుకి ఎర్త్ పెరట్లో గొయ్యి. ఒకే నేల అని పేరేగానీ, అక్కడి మట్టీ ఇక్కడి మట్టీ ఎప్పుడూ ఒక్కలా ఉండవు. ఆ తేడాకి ఒక గొయ్యిలోంచి ఇంకో గొయ్యిలోకి పిసరంత కరెంటు ఎప్పుడూ పారాలని చూస్తుంది. దానికి దారి ఎక్కడుంది? అక్క పాట నడిచే తీగ మీది లోహపు తొడుగులో ఉంది! ఆ దారి వేసింది ఎవరు? డెక్కుకి ప్లగ్గు పీకినా ఆకుపచ్చ వైరు పీకలేదుగా!

"నేనే," అన్నాడు తుమ్మెద. "నేనే తవ్వానే!"

"చంకలో పిల్లని పెట్టుకుని ఊరంతా వెతికారన్నమాట," అంది భార్య. "నా కుట్టుమిషను చేసిన పాపమేమిటో! ఎవరు తీసిన గోతిలో వాళ్లే పడతారంటే ఏమో అనుకున్నాను. మా ఆయన బొగ్గూ ఉప్పూ పోసుకుని మరీ పడ్డారు."

మేనకోడలు పకపకా నవ్వింది. తుమ్మెద నవ్వలేదు. స్క్రూడ్రైవరు చేతిలో ఉంది గానీ చెయ్యి కదలలేదు. ముప్పై నాలుగేళ్లుగా ఎర్త్ కట్టిన చెయ్యి, ఒక్కసారి కూడా విప్పలేదు. మేస్త్రీ చెంపదెబ్బ ఇప్పుడే తగిలినట్టుంది. అక్క అతని మొహం చూసింది. పలక మీద రెండే ముక్కలు రాసింది. "ఎర్త్ ఉండాలి. ఒక్కటే."

నిజమే! ఎర్త్ తీసేయమని ఎవరన్నారు? డెక్కు ప్లగ్గుకి మూడో కాలుంది. ఆంప్లిఫయరు ప్లగ్గుకీ ఉంది. రెండింటినీ ఒకే బోర్డుకి పెడితే రెండూ వాకిట్లో గొయ్యికే వెళ్తాయి. దేవుడూ ఉంటాడు, గుడి ఒక్కటే ఉంటుంది. తుమ్మెద ఒక్క ఉదుటున లేచాడు. వాల్యూము తగ్గించాడు. డెక్కు ప్లగ్గు తెచ్చి ఆంప్లిఫయరు పక్కనే బోర్డులో పెట్టాడు. ఆకుపచ్చ వైరు మర విప్పాడు. వైరు కొసని ఒక్క క్షణం కళ్లకి అద్దుకున్నాడు కూడా, ఎవరూ చూడలేదనుకుని. తర్వాత వాల్యూము మెల్లగా పెంచాడు. ఇంకా పెంచాడు. చివరిదాకా తిప్పేశాడు.

"అయ్యో, స్పీకర్లు కాలిపోయినట్టున్నాయి మామయ్యా," అంది మేనకోడలు. "ఏమీ రావట్లేదు."

"కాలిపోలేదే! ఏమీ రావట్లేదు! ఏమీ రావట్లేదంటే... అదే కదే కావాలి!" తుమ్మెద మేనకోడల్ని భుజాలు పట్టి ఊపేశాడు. భార్యని పట్టుకోబోతే ఆవిడ తప్పించుకుంది. హాల్లో గోడ గడియారం టిక్కుటిక్కుమనడం పెళ్లయిన ఇన్నేళ్లకి మొదటిసారి వింటున్నానంది ఆవిడ. తుమ్మెదకి కళ్లవెంట నీళ్లు. "అక్కా, నువ్వు మనిషివి కాదే, నువ్వు..." అని మాట దొరక్క, ఆమె చెయ్యి పట్టుకుని ఆ సుద్దపొడి వేళ్లని నెత్తిన పెట్టుకున్నాడు.

ఇక ఆగడమెందుకు! లాప్‌టాప్ కలిపారు. మేనకోడలు వేలు ఒక మీట మీద, తుమ్మెద వేలు ఇంకో మీట మీద. ఒకటి, రెండు, మూడు.

ముందు టేపు సొంత సవ్వడి, సన్నగా ఉస్సుమంటూ. తర్వాత ఎవరో ఊపిరి తీసుకున్నారు. ఒక్క ఊపిరి, దగ్గరగా, గదిలోనే ఉన్నట్టు. తర్వాత పాట.

పద్నాలుగేళ్ల పిల్ల గొంతు. కొంచెం బొంగురు. పైకి వెళ్లేటప్పుడు భయపడి, వెళ్లాక సంతోషపడే గొంతు. తీయగా లేదు. తుమ్మెదకి అప్పుడు తట్టింది, ఎన్నేళ్లు వెతికినా తనకి మాట ఎందుకు దొరకలేదో. తీయగా ఉండేదని అబద్ధం చెప్పాడు తను. అది చింతకాయ నమిలినట్టు ఉండే గొంతు. మేనకోడలు రెండు చేతులూ నోటికి అడ్డం పెట్టుకుని, తల్లి మొహం వైపు, స్పీకర్ల వైపు, మళ్లీ తల్లి మొహం వైపు చూస్తోంది. అక్క పెదాలు పాటతోపాటు కదులుతున్నాయి.

రెండో చరణంలో తుమ్మెద చెవులు నిక్కపొడుచుకున్నాయి.

గుంయ్.

సన్నగా, పాట కింద, మళ్లీ గుంయ్! అతనికి నెత్తిన పిడుగు పడ్డట్టయింది. "మళ్లీ వచ్చింది!" అని గుసగుసగా అరిచి బోర్డు మీదికి దూకబోయాడు. భార్య చొక్కా పట్టుకుని వెనక్కి లాగింది. "ముట్టుకోకండి! ఎక్కుతోంది!" అని సైగ చేసింది. అతను పళ్లు బిగించి విన్నాడు. ఇది పాత గుంయ్ కాదు. పాట పైకి వెళ్తే ఇదీ పైకి వెళ్తోంది, కాస్త ఆలస్యంగా, కాస్త తప్పుగా. పాట ఊపిరి కోసం ఆగితే ఇదీ ఆగుతోంది. ఏ మోటారు అలా ఆగుతుంది? ఏ తీగ ఊపిరి పీలుస్తుంది?

అక్క భుజాలు ఊగిపోతున్నాయి. శబ్దం లేకుండా నవ్వుతోంది. సుద్దముక్కతో తమ్ముడి వైపు చూపిస్తోంది.

అప్పుడు టేపులో పాట ఠక్కున ఆగింది. ఆ పిల్ల పకాలున నవ్వి, మాట్లాడింది.

"ఒరేయ్ తుమ్మెదా! ఒళ్లో కూర్చోబెట్టుకుంటే చెవిలో ఈ గుంయ్ ఏమిట్రా? ఉండరా, నేను పాడాక నువ్వు పాడుదువుగానీ."

"ఇప్పుడే పాడతా," అంది ఒక అయిదేళ్ల గొంతు.

స్టూడియో ఆయన దగ్గు వినిపించింది. పాట మళ్లీ మొదలైంది. దాని కింద గుంయ్ కూడా మొదలైంది, ఈసారి ఇంకా గట్టిగా. ఇద్దరూ కలిసి చివరిదాకా పాడారు. టేపు ఆగింది.

తుమ్మెద నేలమీద చతికిలబడ్డాడు. అక్క తనని పేరు పెట్టి పిలిచి ముప్పై రెండేళ్లయింది. ఆ పిలుపు ఇలా వస్తుందని, ఆ పేరు ఎందుకొచ్చిందో కూడా దాంతోపాటే చెబుతుందని అతను కలలో కూడా అనుకోలేదు. ఏడుస్తున్నాడో నవ్వుతున్నాడో తెలియకుండా అలా కూర్చుండిపోయాడు. మేనకోడలు తల్లి మెడ చుట్టూ చేతులు వేసి, "అమ్మా, నీ నవ్వు నా నవ్వే! అచ్చం నా నవ్వే!" అని అదే మాట పదిసార్లు అంది.

కాసేపటికి ఆమె కళ్లు తుడుచుకుని లాప్‌టాప్ ముందు కూర్చుంది. పాట మొత్తం భద్రంగా ఎక్కింది. ఆమె లెక్కల టీచరు కదా, వెంటనే పనిలోకి దిగింది.

"మామయ్యా, నువ్వింత కష్టపడ్డావు. ఆ కింద వచ్చే గుంయ్ ఒక్కటీ కంప్యూటర్లో తీసెయ్యొచ్చేమో చూడనా? అమ్మ గొంతు ఒక్కటే మిగుల్తుంది."

తుమ్మెద ఏదో అనబోయాడు. అంతలో సుద్దముక్క విరిగినంత గట్టిగా చప్పుడైంది. అక్క పలకని కూతురి మొహానికి తగిలేలా అడ్డం పెట్టింది.

"ముట్టుకున్నావంటే చేతులు విరగ్గొడతా."